ఆలస్యమైన జాకెట్ల సంగతి

అమ్మలకీ అక్కలకీ వదినలకీ నమస్కారం. పర్లాకిమిడిలో మన కుట్టుషాపు బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం రాత్రి దాకా మూసి ఉంది. అదీ సరిగ్గా వరలక్ష్మీవ్రతం వారంలో. పదిహేడు జాకెట్లు టైముకి ఇవ్వలేకపోయాను. ఫోన్లూ ఎత్తలేదు. ఒకావిడ షట్టరు కొట్టి కొట్టి వెళ్లారని పక్క కిరాణా కొట్టాయన చెప్పాడు. మీ కోపంలో తప్పు లేదు.

జరిగింది చెప్తాను. నా చిన్ననాటి స్నేహితురాలికి నొప్పులొచ్చాయి, తొలి కాన్పు. వాళ్లాయన సూరత్‌లో మరమగ్గాల మిల్లులో పని చేస్తాడు, ఎంత తొందరగా రైలెక్కినా శుక్రవారానికి గానీ రాలేడు. అమ్మ లేదు. అత్తగారు మోకాళ్ల నొప్పులతో నిలబడలేరు. పెళ్లికాని చెల్లెలు వస్తానంది గానీ, కాన్పు గదిలోకి తోడుగా ఆడమనిషే రావాలి, వీలైతే తనూ పిల్లల్ని కన్నదై ఉండాలి అన్నారు నర్సమ్మ. 2016లో కేంద్ర ప్రభుత్వం కాన్పు గదిలో తోడుకి ఒప్పుకున్నప్పుడే అలా చెప్పిందట. అందరూ నా వైపు చూశారు.

నాకు వెళ్లాలని లేదు. ఆర్డర్లున్నాయని అన్నాను గానీ అది సాకే. నాలుగేళ్ల కిందట మా పాప పుట్టాక నాకు రక్తం ఆగలేదు. అంబులెన్సులో బరంపురం తీసుకెళ్తుంటే నా వేళ్లు చల్లబడడం నాకే తెలుస్తోంది. అప్పటినుంచి ఫినాయిల్ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. ఆ మాట నా స్నేహితురాలితో ఎలా అంటాను? "ఒసే, నువ్వుంటే చాలే" అంది. లోపలికి వెళ్లాను.

కటింగ్ మధ్యలో లేచొచ్చానేమో, ఇంచీ టేపు మెడలోనే ఉండిపోయింది. గురువారం పొద్దున్న నర్సమ్మ చూసి "అయిదు సెంటీమీటర్లు" అన్నారు. గర్భసంచి నోరు అంతే తెరుచుకుందట. అంటే రెండంగుళాలు కూడా లేదు! పది దాకా రావాలట. తొలి కాన్పుకి ఇక్కడి నుంచి పన్నెండు గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదన్నారు. ఆవిడ ఒడియాలో చెప్పింది నేను తెలుగులో చెప్పడం, నడుం రుద్దడం, గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టడం, ఇంతే నా పని. నొప్పి వచ్చినప్పుడల్లా అది నా టేపు పిడికిలికి చుట్టుకుని లాగేది. నా మెడ కూడా దాంతోపాటే వెళ్లేది.

రాత్రి ఎనిమిదిన్నరకి ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఎనిమిది వందలు. అందరూ పిల్లని చూస్తుంటే నేను మాత్రం కింద గుడ్డ వైపే చూస్తున్నాను. నర్సమ్మ అప్పుడే నా స్నేహితురాలి తొడకి సూది వేశారు. ఎందుకని గట్టిగానే అడిగేశాను. ఆక్సిటోసిన్ అట, బిడ్డ పుట్టిన నిమిషంలోపే వేస్తారట, గర్భసంచి ముడుచుకుని రక్తం ఎక్కువ పోకుండా. రెండు గంటలు నేను మంచం దిగువనే నిలబడ్డాను. గుడ్డ పెద్దగా తడవలేదు. అప్పుడు బయటికొచ్చి కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎందుకో అడక్కండి.

ఇక పని సంగతి. పదకొండు జాకెట్లు రెడీ, హుక్కులు కూడా కుట్టేశాను. మిగతా ఆరూ మంగళవారానికి. వ్రతానికి అందనివాటికి కుట్టుకూలి వద్దు, లైనింగ్ ఖర్చు ఇవ్వండి చాలు. గుడ్డ వెనక్కి తీసుకున్నావిడకి అడ్వాన్సు ఇచ్చేశాను. గమ్హా పూర్ణిమకి, అదే రాఖీ పున్నమికి, అడిగిన అక్కలకి ముందు రోజే అందుతాయి.

ఇంకొకటి. శనివారం కొలతలిచ్చిన నలుగురూ దయచేసి మళ్లీ రావాలి. ఆ టేపు సాగిపోయింది, నేను చూసుకోలేదు. ముప్పై ఆరు ఉన్నచోట ముప్పై అయిదున్నర చూపిస్తోంది. అలాగే కుడితే చంకల దగ్గర పట్టేస్తుంది. సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడొచ్చినా ఉంటాను, కొత్త టేపు కొన్నాను.