శనివారం రేస్‌ట్రాక్‌లో మాజీ సైనికుల సన్మానం: వచ్చేవాళ్లు చదవండి

అందరికీ నమస్కారం. షార్లెట్, అట్లాంటా నుంచి మన ఊరి కార్ల రేసుల మట్టి ట్రాక్‌కి మళ్లీ వస్తున్నవాళ్ల కోసం ఇది.

వెటరన్ల (మాజీ సైనికుల) టికెట్‌కి రుజువు అడుగుతారు. డీడీ-214 (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రం) అసలు కాగితం తేకండి, పోతే మళ్లీ తెప్పించుకోవడం పెద్ద పని. వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) కార్డు, లేదా వెటరన్ అని ముద్రించిన లైసెన్సు తెచ్చుకోండి.

పెద్దవాళ్లని మలుపుల దగ్గర కూర్చోబెట్టొద్దు. టైర్లు చిమ్మే బంకమట్టి గడ్డలు పడేది అక్కడే. ముందు స్ట్రెయిట్‌కి (రేసు మొదలై ముగిసే గీత ఉండే తిన్నని భాగానికి) ఎదురుగా, కాస్త పై వరుసలో, మెట్ల పక్క సీటు మేలు. తడిపిన ట్రాక్ రేసులు సాగేకొద్దీ ఆరిపోతుంది, ఆఖరి రేసుకి దుమ్ము లేస్తుంది. కళ్లద్దాలు, మాస్కు ఉంచుకోండి.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. వెటరన్లలో చాలామందికి ఇప్పటికే చెవుల్లో హోరు ఉంటుంది. 100 డెసిబెల్స్ శబ్దంలో 15 నిమిషాలు దాటకూడదు, శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో అదిమి ఉంచాలి. సగమే దూరితే శబ్దం ఆగదు. పసిపిల్లలకి ఇయర్‌మఫ్‌లే పెట్టండి.

అమెరికా జాతీయ గీతానికి టోపీ తీసి, కుడి చెయ్యి గుండె మీద పెట్టండి. యూనిఫాం లేని వెటరన్ సెల్యూట్ చేస్తే తప్పు కాదు, 2008 చట్టం ఆ హక్కు ఇచ్చింది.

బాణాసంచా ఉందేమో గేటు దగ్గరే కనుక్కుని, పక్కన కూర్చున్న వెటరన్‌కి ముందే చెప్పండి. హఠాత్తుగా పేలితే కొందరికి నరకమే.