నాటకాల చిట్టాలను చిత్తు కాగితాలకు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్రెంచి నాటకరంగం గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులోని ఒక పొరపాటును సరిదిద్దుదామని మొదలుపెట్టిన ఈ ఉత్తరం, రాస్తూండగానే మన నాటక సమాజాలకు సంబంధించిన మరో సంగతి మీదికి మళ్లింది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త, నటుడు మోలియేర్ రంగస్థలం మీదే ప్రాణం విడిచాడని వ్యాసకర్త రాశారు. చాలామంది అలాగే రాస్తారు, వినడానికీ బాగుంటుంది. నిజానికి 1673 ఫిబ్రవరి 17న, ఏ జబ్బూ లేకుండానే తాను రోగినని నమ్మే మనిషి వేషంలో, తన ఆఖరి నాటకం నాలుగో ప్రదర్శన ఆడుతూ ఆయన వేదికపైనే తీవ్రంగా అస్వస్థులయ్యారు. అయినా ఆట పూర్తి చేశారు. రిషల్యూ వీధిలోని ఇంటికి చేర్చాక, రాత్రి పది గంటల వేళ కన్నుమూశారు. ఆ సంగతిని వేళతో సహా రాసిపెట్టినవాడు కవీ కాడు, చరిత్రకారుడూ కాడు. ఆ బృందంలో లెక్కలు రాసుకున్న ఒక నటుడు.

ఆయన అసలు పేరు షార్ల్ వార్లే. రంగస్థలం మీద లా గ్రాంజ్. 1659 ఈస్టర్ సమయంలో మోలియేర్ బృందంలో చేరి, ఎక్కువగా యువ ప్రేమికుల పాత్రలు వేశాడు. ఆ ఏడాది మొదలుకొని 1685 దాకా ఏ రోజు ఏ నాటకం ఆడారో, ఎంత వసూలైందో, ఖర్చులు పోగా ఒక్కొక్క నటుడి వాటాకు ఎంత వచ్చిందో చిట్టాగా రాశాడు. పెళ్లిళ్లు, చావులు, కొత్తగా చేరినవారు, వదిలిపోయినవారు వంటి సంగతులన్నీ అంచుల్లో చిన్న చిన్న గుర్తులతో కనిపిస్తాయి. కొన్ని పద్దులు ఆ తర్వాతెప్పుడో తీరిగ్గా రాసినవని పరిశోధకులు గుర్తించారు గనుక దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ మోలియేర్ నాటకాల చేతిరాత ప్రతుల్లో ఒక్కటి కూడా నేడు మిగలలేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ లెక్కల పుస్తకం విలువ తెలుస్తుంది. మహానాటకకర్త రాసిన కాగితాలు పోయాయి, పెట్టెలో పడిన డబ్బుల లెక్క మిగిలింది.

ఆ లెక్కల్లోంచి చరిత్ర ఎలా బయటపడుతుందో ‘తార్త్యూఫ్’ ఉదంతం చూస్తే చాలు. భక్తి ముసుగు వేసుకుని ఒక గృహస్థు ఇంట్లో చేరి, ఆస్తికీ భార్యకూ ఎసరుపెట్టే కపటి కథ అది. 1664 మే 12న వెర్సాయ్‌లో పద్నాలుగో లూయీ ఎదుట మూడంకాలుగా ఆడారు. రాజు నవ్వుకున్నా, మతపెద్దలు మండిపడడంతో బహిరంగ ప్రదర్శనకు అనుమతి దొరకలేదు. మూడేళ్ల తర్వాత, రాజు యుద్ధరంగంలో ఉన్నప్పుడు, పేరు మార్చి 1667 ఆగస్టు 5న పారిస్‌లో ఆడారు. మర్నాడే న్యాయమండలి అధ్యక్షుడు లామ్వాన్యోన్ ఆపించాడు. వారం తిరగకముందే ఆర్చిబిషప్, ఆ నాటకాన్ని ఆడినా చదివినా విన్నా మతబహిష్కారమేనని ప్రకటించాడు. అప్పుడు లా గ్రాంజ్, మరో నటుడు కలిసి అర్జీ పట్టుకుని, లీల్ నగరాన్ని ముట్టడించి ఉన్న రాజు శిబిరానికి ప్రయాణమయ్యారు. ఈ ఘట్టాన్ని సాహిత్య చరిత్రలు భావస్వేచ్ఛ పేరుతో వర్ణిస్తాయి. చిట్టాలో మాత్రం ఉన్నది ఇంతే: ప్రయాణానికి బృందానికి వెయ్యి లివ్రులు (లివ్రు అంటే అప్పటి ఫ్రెంచి ద్రవ్యమానం) ఖర్చయ్యాయి, తాము తిరిగొచ్చేదాకా నాటకాలు లేవు. ఏడు వారాలు తెర లేవలేదు. పూట గడవడానికి రోజువారీ వాటాల మీద ఆధారపడిన మనుషులకు నిషేధం అంటే ఏమిటో ఆ ఒక్క పద్దు చెప్పినట్టు ఏ ప్రసంగమూ చెప్పదు.

చివరికి అనుమతి వచ్చిన 1669 ఫిబ్రవరి 5న వసూలు 2,860 లివ్రులు. నేల టికెట్టు మామూలు రోజుల్లో పదిహేను సోలులు, ఇరవై సోలులు ఒక లివ్రు అన్న లెక్క తెలిస్తే, ఆ రోజు హాలు ఎంత కిక్కిరిసిందో ఊహించవచ్చు. అయిదేళ్లు ఆపినందువల్ల ఆ నాటకానికి జరిగిన ప్రచారం ఎంతటిదో నిషేధించినవారికి ఆ అంకెను చూపిస్తే సరిపోయేది.

మోలియేర్ పోయిన రోజు వసూలు 1,219 లివ్రులు. నటులు తమ వృత్తిని త్యజించనిదే చర్చి శ్మశానంలో చోటిచ్చేది కాదు. భార్య అర్మాంద్ రాజు కాళ్ల మీద పడ్డాకే, నాలుగో రోజు రాత్రి చీకట్లో ఖననం జరిగింది. ఆ తర్వాత మూడు రోజులకే బృందం మళ్లీ తెర ఎత్తింది. పాషాణహృదయమని కొందరు అనవచ్చు. నాకైతే లెక్కల పుస్తకం చదివినవాళ్లెవరూ అలా అనరనిపిస్తుంది. అదే సంవత్సరం వారి హాలు సంగీతకర్త లుల్లీ చేతికి పోయింది; మరో హాలు వెతుక్కుని, మరో బృందంతో కలిశారు; 1680లో రాజాజ్ఞతో ప్రత్యర్థి బృందం కూడా వచ్చి చేరింది. అలా పుట్టిందే నేటికీ నడుస్తున్న నాటక సంస్థ కొమెదీ ఫ్రాన్సేజ్. దాని మొదటి ప్రదర్శన 1680 ఆగస్టు 25న. ఆడింది నాటకకర్త రసీన్ రాసిన ‘ఫేద్ర్’. అక్కడా రోజువారీ చిట్టా రాయడం మానలేదు. 1680 నుంచి 1793 వరకు సాగిన ఆ చిట్టాలను ఇప్పుడు కంప్యూటర్‌కు ఎక్కించారు. ఫ్రెంచి విప్లవానికి ముందు ఏ నాటకకర్తను పారిస్ ఎంతగా ఆదరించిందో ఇంట్లో కూర్చుని చూడవచ్చు. మనం ఈనాడు గొప్పవని చదివే నాటకాలు కొన్ని ఆ రోజుల్లో అంతంతమాత్రంగా ఆడాయి. పేరైనా తెలియనివి కొన్ని హాళ్లు నింపాయి. విమర్శకులు రాసే చరిత్రకు ఇది మంచి విరుగుడు.

అయితే చిట్టా ఉన్నంతమాత్రాన న్యాయం జరిగిందనుకోవద్దు. 1775లో నాటకకర్త బొమార్షే తన ‘సెవిల్లె మంగలి’ నాటకానికి రావలసిన సొమ్ముకు సంతకం చేసిన లెక్క చూపమని ఇదే సంస్థను అడిగాడు. ఏడాది పొడవునా అద్దెకిచ్చే బాక్సుల (హాల్లో విడిగా ఉండే సీట్ల అరల) ఆదాయాన్ని రచయిత వాటాలో సరిగా కలపడం లేదన్నది ఆయన ఫిర్యాదు. డబ్బు పంపుతామన్నారు గాని లెక్క పంపలేదు. లెక్క లేని డబ్బు ఆయన పుచ్చుకోలేదు. ఆ తగువు ముదిరి, 1777 జులై 3న తోటి నాటకకర్తలను భోజనానికి పిలిచి రచయితల సంఘం పెట్టేదాకా వెళ్లింది. 1791లో ఫ్రాన్సు చట్టం చేసి, రచయిత అనుమతి లేకుండా అతని నాటకం ఆడరాదని నిర్ణయించడానికి మూలం అక్కడుంది. రచయిత హక్కు అనే మాట ఒక లెక్కల తగాదాలోంచి వచ్చిందని చెబితే మా కుర్రాళ్లు నమ్మరు.

ఇక మన సంగతి. లా గ్రాంజ్ చిట్టాను ఫ్రాన్సులో పుస్తకంగా అచ్చు వేసింది 1876లో. సరిగ్గా అదే ఏడాది మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి, నాటకాన్ని ఆపించే అధికారం తన చేతిలో పెట్టుకుంది. ఒక చోట నాటకాల లెక్క భద్రపరచడం, మరో చోట నాటకాల మీద నిఘా పెట్టడం. కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ అలవాటు మనకు వదలలేదేమో అనిపిస్తుంది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటక పద్యాలు నోటికి రాని పల్లె లేదంటాం. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఆడారో, హార్మోనిస్టుకు ఎంత ఇచ్చారో, టికెట్టు ఎంతో ఏళ్లవారీగా చెప్పే పుస్తకం నాకింతవరకు కనబడలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే అంతకన్నా సంతోషం లేదు.

తప్పు ఇతరులదే అనడం లేదు. ఒక నాటక సమాజానికి నేను చాలా ఏళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఆడిట్ పూర్తయ్యాక పాత రసీదు పుస్తకాలను నేనే తగలబెట్టించాను. అప్పట్లో అదే పద్ధతి అనుకున్నాను. మా కార్యదర్శి పోయాక కరపత్రాలు, ఒప్పందాలు ఉన్న ట్రంకు పెట్టె తూకానికి పోయిందని ఆలస్యంగా తెలిసింది.

అందుచేత మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు నా విన్నపం. పరిషత్తులకు సాయం ఇచ్చేటప్పుడు, ఆడిన నాటకాల పేర్లు, తేదీలు, నటుల పేర్లు, జమాఖర్చులు ఉన్న చిట్టా ప్రతి ఒకటి తప్పనిసరిగా అడగండి. దాన్ని జిల్లా గ్రంథాలయంలో ఒక బీరువాలో పెట్టించండి. పాత సమాజాల దగ్గర మిగిలిన చిట్టా ఆవర్జాలను సేకరించి ఫొటోలు తీయించండి. తిరిగి వాళ్లకే ఇచ్చేసినా ఫరవాలేదు. భవనాలు, అవార్డుల ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

నా దగ్గర కాలకుండా మిగిలినవి రెండు పుస్తకాలు. మొదటిదానికి చెదలు పట్టింది. రెండూ మా ఊరి గ్రంథాలయానికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. పుచ్చుకుని రసీదు రాసిచ్చే వారెవరో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక నాటక సమాజ పూర్వ కోశాధికారి,
తెనాలి.