స్వరాలు పాడే పిల్లలకు స్వరలిపి చదవడం కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారాలు.

మా మనవరాలు ఏడాదిగా విద్యానగర్‌లో మా ఇంటికి దగ్గరలోనే కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలు అయ్యాయి. పోయిన నెల మలహరి రాగంలోని తొలి గీతం స్వరాలున్న కాగితం తెచ్చుకుని, పాఠం మొదలుకాకముందే తనంతట తాను పాడాలని ముచ్చటపడింది. ‘మ ప | ద స స రి’ అనే మొదటి ఆవర్తంలో (తాళం ఒక చుట్టులో) ధైవతం, అంటే ‘ద’ దాకా చక్కగా పాడి, అక్కడి నుంచి ఒక్కసారిగా కింది షడ్జానికి, అంటే కింది ‘స’కు దిగిపోయింది. అందులో పిల్ల తప్పేమీ లేదు. ఆ స, స, రి మూడూ తారస్థాయి (పై స్థాయి) స్వరాలు కాబట్టి మూడింటి నెత్తినా చుక్కలుండాలి. ఆ కాగితమేమో జిరాక్సుకు జిరాక్సు తీసినది. అక్షరాలు మిగిలాయి గానీ చుక్కలు చెరిగిపోయాయి.

స్వరం మీద చుక్క ఎందుకు పెడతారో తెలుసా అని అడిగితే, ‘టీచర్ పాడింది విని పాడతాం కదా అమ్మమ్మా, కాగితం చూడం’ అంది. ఈ మాట విన్నాకే మీకు ఉత్తరం రాయాలనిపించింది.

ఎర్ర పెన్నుతో ఆ చుక్కలు నేనే పెట్టాను. రెండో ఆవర్తం ‘రి స | ద ప మ ప’లో మొదటి రెండు స్వరాలకూ పెట్టాను. మూడో ఆవర్తం ‘రి మ | ప ద మ ప’ అని మొదలవుతుంది, అక్కడి రిషభానికి (‘రి’కి) చుక్క లేదు. రెండు చోట్లా అదే ‘రి’, కానీ ఒకటి తారస్థాయిలోనూ మరొకటి మధ్యస్థాయిలోనూ పలకాలి. ఆ తేడా చెప్పేది చుక్క ఒక్కటే. చుక్క కింద ఉంటే మంద్రస్థాయి (కింది స్థాయి) అనీ, ఏ చుక్కా లేకపోతే మధ్యస్థాయి అనీ వివరించాక, రెండోసారి ఎవరి సాయమూ లేకుండా మొదటి నాలుగు ఆవర్తాలూ తప్పులేకుండా పాడింది.

నిజానికి మొదట నేర్వవలసిన గుర్తులు పట్టుమని పది కూడా లేవు. కామా విలువ ఒక అక్షరకాలం (స్వరాల నిడివిని కొలిచే ప్రమాణం), సెమికోలన్‌ది రెండు అక్షరకాలాలు. ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు. స్వరాల మీద ఒక గీత ఉంటే వేగం రెట్టింపు, రెండు గీతలుంటే నాలుగు రెట్లు. ఒంటి నిలువు గీత దగ్గర తాళంలో ఒక అంగం (భాగం) ముగుస్తుంది, జంట గీత దగ్గర ఆవర్తం ముగుస్తుంది. వీటికంటే ముందు చూడవలసినవి కాగితం పైభాగంలో ఉండే రాగం, తాళం, ఆరోహణ, అవరోహణలు (రాగంలో స్వరాలు ఎక్కే, దిగే వరుసలు). ‘రి’ అన్న అక్షరం అది ఏ రిషభమో చెప్పదు. మలహరి 15వ మేళకర్త (మూలరాగం) అయిన మాయామాళవగౌళ నుంచి పుట్టిన రాగమని తెలిస్తేనే అది శుద్ధ రిషభమని, అంటే రిషభాల్లో అన్నిటికంటే కిందిదని తెలుస్తుంది. పిల్లలు ఆ పై వరుసను దాటేసి నేరుగా స్వరాల్లోకి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

మనది గురుముఖతః నేర్చుకునే విద్య, దానికి రాత ఎందుకని పెద్దలు కొందరంటారు. వారి మాట మీద నాకు గౌరవముంది; గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) గొంతు నుంచి గొంతుకే అందాలని నేనూ నమ్ముతాను. అయితే సంగీత విద్వాంసులు సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే గ్రంథాన్ని 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించినప్పుడు, కీర్తనలకు స్వరాలతో పాటు గమకాలకు కూడా ప్రత్యేకమైన గుర్తులు ఏర్పరచి, వాటి వివరణ కూడా ఇచ్చారు. ఆ ఉద్గ్రంథం అచ్చయింది తమిళదేశంలో, లిపి మాత్రం మన తెలుగు. తెలుగు చదవడం వచ్చిన మన పిల్లలే ఆ పుటలను చదవలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. మా వీధిలోనే కీబోర్డు నేర్చుకునే పిల్లలు అయిదు గీతల పాశ్చాత్య లిపిని మొదటి నెలల నుంచే చదువుతున్నారు. అది మన లిపికంటే సులువైనదేమీ కాదు.

సంగీతం చెప్పే గురువులకు నా విన్నపం ఒక్కటే. సరళీ స్వరాలతో పాటే వారానికి పది నిమిషాలు, విననిదాన్ని కాగితం చూసి పాడించండి. జిరాక్సు ఇచ్చే ముందు చుక్కలూ గీతలూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే పిల్లల చేతనే పెట్టించండి. ఫోన్‌లో స్వరాలను టైపు చేసి పంపే అలవాటు ఈమధ్య పెరిగింది. మామూలు కీబోర్డులో ఆ చుక్క పెట్టే మీట కనబడదు కాబట్టి, చేత్తో రాసిన పుటను ఫొటో తీసి పంపడం మేలు. రాంకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి సంస్థలు తొలి పాఠాలను స్పష్టమైన అచ్చులో, గుర్తుల పట్టికతో సహా అందుబాటులో ఉంచితే చిన్న చిన్న తరగతులు నడిపేవారికి ఎంతో ఉపకారం జరుగుతుంది.

మీ ఆదివారం పిల్లల పేజీలో పదం పజిల్ పక్కన నాలుగు అంగుళాల చోటు ఇచ్చి, వారానికొక అలంకారాన్నో గీతాన్నో స్వరలిపితో అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. అచ్చుకు ముందు చుక్కలు సరిచూసే పని అప్పగిస్తే, నేను సంతోషంగా చేస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విద్యానగర్, హైదరాబాద్