మామిడి తొక్కను మా పొలిమేరలో కుళ్లనివ్వకండి

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నమస్కారం. మామిడి గుజ్జు పరిశ్రమల వ్యర్థాల గురించి పంపిన మా విజ్ఞాపనలకు జవాబు రాకపోవడంతో అందరి ఎదుట రాస్తున్నాను.

తోతాపురి మామిడి కోతలు మొదలయ్యాక చిత్తూరు జిల్లాలో గుజ్జు పరిశ్రమలు రాత్రింబవళ్లు నడుస్తాయి. గుజ్జు డబ్బాల్లోకి పోతుంది. తొక్క, టెంక మా ఊరి గుంటల్లోకి వస్తాయి. వాన పడితే ఆ పులిసిన రసం బావుల్లోకి దిగుతోంది. ధర లేక కుంగిన రైతు కుటుంబాలే ఇప్పుడు తాగే నీళ్లూ కొనుక్కుంటున్నాయి.

అయ్యా, అది చెత్త కాదు. తొక్కను ఆమ్లం కలిపిన వేడినీటిలో నానబెట్టి వడకడితే పెక్టిన్ అనే జిగురు పదార్థం, పాలీఫినాల్స్ అనే మొక్కల సహజ రసాయనాలు నీటిలోకి దిగుతాయి. అల్ట్రాఫిల్ట్రేషన్ పొర, అంటే అతి సన్నని రంధ్రాల వడపోత పొర, పెద్ద అణువులున్న పెక్టిన్‌ను ఆపుతుంది. జామ్ గట్టిపడేది ఈ పెక్టిన్‌తోనే. దాటిపోయిన మాంజిఫెరిన్ వంటి చిన్న పాలీఫినాల్ అణువులను ఇంకా సన్నని రంధ్రాలున్న నానోఫిల్ట్రేషన్ పొర చాలావరకు పట్టి, చిక్కబరుస్తుంది. నీటిని మరిగించి ఇగిర్చే ఖర్చు బాగా తగ్గుతుంది. వేడికి చెడే పదార్థాలూ నిలుస్తాయి.

పొరలు పూడుకుపోతాయన్న అభ్యంతరం నిజమే. ముందస్తు వడపోత, క్షారంతో క్రమం తప్పని శుభ్రత, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. చిన్న పరిశ్రమ ఒంటరిగా ఇది భరించలేదు, ఉమ్మడి కేంద్రం భరించగలదు. తొక్కను ఎండబెట్టి దాచుకుంటే సీజన్ తర్వాతా పని ఉంటుంది.

వచ్చే కోతలలోపు జిల్లాలో ఒక ప్రయోగాత్మక ఉమ్మడి కేంద్రం మంజూరు చేయండి. సాంకేతిక పర్యవేక్షణను మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) వంటి సంస్థకు అప్పగించండి. రాబడిలో రైతు సంఘాలకు వాటా రాసివ్వండి. అప్పటిదాకా గుంటల్లో పారబోతను ఆపించండి. తేదీతో కూడిన లిఖితపూర్వక సమాధానం కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మామిడి రైతు