రాత్రి డ్యూటీ నర్సు గారికి కృతజ్ఞతలు

వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ, కదలిక రెండూ పోయినవారికి ఒత్తిడి పుండ్లు పడకుండా ఉండాలంటే, రాత్రిళ్లు కూడా ఇంచుమించు రెండు గంటలకోసారి ఎవరో ఒకరు వచ్చి పక్కకు తిప్పవలసిందే. చాలామంది తమలో తాము మాట్లాడుకుంటూనే ఆ పని ముగించి వెళ్లేవారు. తప్పు పట్టడం లేదు, వారి పనిభారం అలాంటిది. మీరు మాత్రం, నాకు స్పర్శ తెలియదని ఎరిగి కూడా, "ఇప్పుడు ఎడమ మోకాలి కింద చెయ్యి పెడుతున్నానండీ" అని ముందే చెప్పి, నేను సరేనన్నాకే కదిలించేవారు. ఒక రాత్రి పొడుగు పిడి ఉన్న అద్దం నా చేతికిచ్చి, మడమల దగ్గర, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందేమో నన్నే చూసి చెప్పమన్నారు. కుడి మడమ ఎర్రగా ఉందంటే, నా మాటను ఉన్నదున్నట్టు కేస్ షీట్‌లో రాసి, కాలి కింద దిండు సర్దారు. ఇటువంటి గాయం తరువాత కుంగుబాటు రావచ్చుననీ, దానికీ చికిత్స ఉందనీ కౌన్సెలర్ గారు తరువాత వివరించారు, అదీ ఎంతో మేలు చేసింది; అయితే ఈ శరీరంపై నా మాట ఇంకా చెల్లుతుందని మొదట అనిపించింది ఆ రాత్రే. మీకు ఇబ్బంది కలుగుతుందేమోనని పేరు రాయడం లేదు. మనస్ఫూర్తిగా ధన్యవాదాలండీ.