గాలిలో గడిచే సమయాన్ని టిక్కెట్టు మీద విడిగా చూపించండి

గౌరవనీయులైన పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

రెండు నగరాల మధ్య టిక్కెట్టు కొనేటప్పుడు కనిపించే ప్రయాణ సమయం విమానం గాలిలో ఎగిరే సమయం కాదు. గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి గమ్యంలో గేటు దగ్గర ఆగేదాకా పట్టే మొత్తం సమయం అది. విమానయాన రంగంలో దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. తలుపులు మూశాక ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా మెల్లగా నడవడం, ముందున్న విమానాలు లేచేదాకా వరుసలో నిలబడడం, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా ఆగడం అన్నీ అందులో కలిసిపోతాయి. ఆలస్యమైనా కనబడకుండా విమానయాన సంస్థలు ముందే కలిపి ఉంచుకునే అదనపు నిమిషాలూ అందులోనే ఉంటాయి. ఈ రెండు సమయాలనూ విడివిడిగా ప్రకటించాలనే నిబంధన తీసుకురావాలని తమను కోరుతున్నాను.

దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని చాలామంది అనుకుంటారు. లండన్, న్యూయార్క్ నగరాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 5,550 కిలోమీటర్లు కాబట్టి, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో 6 గంటల పైచిలుకు చాలాలి. కానీ టైమ్‌టేబుల్లో పడమరకు వెళ్ళడానికి 8 గంటలు, తూర్పుకు రావడానికి 7 గంటలు అటూఇటూగా ఉంటాయి. భూమి తిరగడం వల్ల ఈ తేడా వస్తుందనే అపోహ ఉంది గాని, వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతుంది. విమానాలు ఎగిరే 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలులే అసలు కారణం. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి ఊపుతో ఒక ప్రయాణికుల విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరింది.

దారి మూసుకుపోయినా అంతే. 2022లో యూరప్ విమానయాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్లండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు సుమారు 9 గంటల ప్రయాణం 13 గంటల దాకా పెరిగింది. నగరాలు కదలలేదు, పటం మీద దూరమూ మారలేదు. ఇలాంటి కారణాలను ప్రయాణికులు అర్థం చేసుకుంటారు. వారికి చెప్పకుండా కలిపే నిమిషాల సంగతి వేరు.

షెడ్యూలు సమయానికి 15 నిమిషాల లోపు తేడాతో చేరిన విమానాన్ని సకాలంలో వచ్చినట్టే లెక్కించడం ఈ రంగంలో ఆనవాయితీ. షెడ్యూలునే అరగంట పొడిగించి వేసుకుంటే, రన్‌వే దగ్గర అరగంట వృథాగా నిలబడ్డ విమానం కూడా సమయపాలన జాబితాలో మెరుస్తుంది. అప్పుడు ఆ రద్దీని తగ్గించాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు. ఇంధనం మాత్రం కాలుతూనే ఉంటుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అందుకని టిక్కెట్టు మీద నగరాల మధ్య దూరం, గాలిలో సగటు సమయం, గేటు నుంచి గేటుకు పట్టే సమయం పక్కపక్కనే ఉండాలి. బయలుదేరే వేళ, చేరే వేళ ఏ నగరపు గడియారం ప్రకారమో కూడా రాయాలి. లేకపోతే ఒకదాన్నుంచి మరొకటి తీసేసి ప్రయాణ సమయాన్ని తప్పుగా లెక్కించుకునేవారు ఎందరో ఉన్నారు. దీనికోసం కొత్తగా సేకరించాల్సిన సమాచారం పెద్దగా ఉండదు. విమానం గేటు వదిలిన వేళ, నేల విడిచిన వేళ, నేల తాకిన వేళ, గేటు చేరిన వేళ సంస్థల వద్ద ఇప్పటికే నమోదవుతున్నాయి. మార్చి చివరి ఆదివారంతో మొదలయ్యే వేసవి షెడ్యూలు నుంచి దీన్ని అమలు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విమాన ప్రయాణికుడు