చరఖా జెండా ఏ పార్టీదీ కాదు

సంపాదకులకు నమస్కారం.

2022 ఆగస్టులో ‘హర్ ఘర్ తిరంగా’ మొదలైనప్పటి నుంచి మన తిరుపతిలో ఇళ్ల మీద మువ్వన్నెల జెండా కనపడటం మామూలైంది. చూసినప్పుడల్లా సంతోషం కలుగుతుంది. సామాన్యుడు ఏడాది పొడవునా తన ఇంటి మీద జాతీయ జెండా ఎగరేసుకోవడానికి 2002 దాకా వీలుండేది కాదు. 2004 జనవరి 23న నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు అది పౌరుడి ప్రాథమిక హక్కేనని తేల్చింది. కానీ ఆ జెండాకు ముందు వచ్చిన జెండాలను ఇంటి మీదికి తెచ్చుకుందామంటే మాత్రం అనుమానపు చూపులు ఎదురవుతున్నాయి.

మార్చి 31న మా బాల్కనీలో 1921 నాటి బెజవాడ జెండా కట్టాను. గాంధీ రోడ్డులో ఒక దర్జీ చేత ఖాదీ మీద కుట్టించాను. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున ఎరుపు, మూడు పట్టీల మీదా పరచుకున్న చరఖా. సాయంత్రానికి అపార్టుమెంటు సంఘం వారు వచ్చారు. “ఇప్పుడు ఎన్నికలు లేవు కదమ్మా, పార్టీ జెండా ఎందుకు?” అన్నారు. చెప్పబోతే వినిపించుకోలేదు. అది మన కృష్ణా జిల్లా వాడు గీసిన జెండా అని కూడా వారికి తెలియకపోవడం నన్ను ఎక్కువ బాధించింది.

మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య అప్పటికే ఏళ్ల తరబడి జెండాల మీద పనిచేస్తున్నారు. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరుగుతుండగా గాంధీజీ అడిగితే, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా వేసి మూడు గంటల్లో ఇచ్చారు. చరఖా ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. జెండా సమావేశానికి కాస్త ఆలస్యంగా అందింది. ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీజీయే తర్వాత రాశారు. ఆ వ్యవధిలో ఆలోచించగా, రెండు రంగుల్లో హిందువులు, ముస్లింలు మాత్రమే కనపడుతున్నారని, మిగిలిన మతాల వారికీ చోటుండాలని ఆయనకు తోచింది. అలా తెలుపు చేరింది. ఈ సంగతి తెలిసిన వారెవరూ ఆ గుడ్డను చూసి పార్టీ జెండా అనలేరు.

ఇంటి మీద జెండా అన్నది నిజానికి స్వాతంత్ర్యోద్యమంలోనే పుట్టిన పని. 1917లో అనీబిసెంటును ఊటీలో నిర్బంధిస్తే, ఆవిడ తానున్న ఇంటి తోటలోనే ఎరుపు, ఆకుపచ్చ హోంరూల్ జెండా ఎగరేసింది. అంతకు రెండేళ్ల ముందు ఆవిడ మదనపల్లెలో కాలేజీ పెట్టింది. రవీంద్రుడు 1919లో ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లం ఈ బంధాన్ని గర్వంగా చెప్పుకోవాలి. హోంరూల్ జెండాలో అయిదు ఎర్ర పట్టీలు, నాలుగు ఆకుపచ్చ పట్టీలు, సప్తర్షుల ఆకారంలో ఏడు నక్షత్రాలు ఉంటాయి. పై మూల యూనియన్ జాక్ ఉంటుంది. ఈ చివరిదాన్ని చూసి ఇవాళ్టి వారు మొహం చిట్లిస్తారేమో. కానీ దాన్ని చెరిపేసి చూపిస్తే చరిత్రే చెరిగిపోతుంది. అప్పుడు అడిగింది సామ్రాజ్యంలో ఉంటూనే స్వపరిపాలన. పూర్ణ స్వరాజ్యమే కావాలని లాహోరులో తీర్మానించడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది. ఆ దూరాన్ని పిల్లలకు చూపించడానికి పాఠ్యపుస్తకంలోని పేరా కంటే హోంరూల్ జెండా, చరఖా జెండా పక్కపక్కన చూపడమే మేలు.

1923లో జెండా పట్టుకుని నడిచినందుకే నాగపూరులో వేయిమందికి పైగా జైలుకెళ్లారు. 1930లో మచిలీపట్నం కోనేరు సెంటర్లో తోట నరసయ్యనాయుడు లాఠీ దెబ్బలకు స్పృహ తప్పేదాకా జెండా వదల్లేదు. 1931లో రంగులు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అయ్యాయి, వాటికి మతాలతో సంబంధం లేదని అప్పుడే స్పష్టం చేశారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ చరఖా బదులు అశోకచక్రాన్ని తీసుకుంది. జెండాకు రెండు వైపులా గుర్తు ఒకేలా కనపడాలన్నది అప్పుడు నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి.

పాత జెండాలు కట్టేవారూ పద్ధతి పాటించాలి. జాతీయ జెండా కంటే ఎత్తున గానీ, దాని పక్కన గానీ వేరే జెండా కట్టకూడదని నియమావళి చెబుతోంది. ఒకే కర్రకు రెండూ కట్టకూడదు. అందుకే నేను ఆ రోజు మువ్వన్నెల జెండా కట్టలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే ‘1921 జెండా’లను నమ్మి కొనవద్దు. నేను చూసిన వాటిలో చాలావరకు తెల్ల పట్టీ మధ్య చిన్న చరఖా ఉన్నవే, అంటే 1931 జెండాలే. చంద్రగిరి కోట పేరుతో అమ్మే వరాహ జెండాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. విజయనగర రాజముద్రల మీద వరాహం, సూర్యచంద్రులు ఉన్న మాట నిజమే. అంతమాత్రాన ఏ రంగు గుడ్డ మీద అచ్చేసినా అది రాయల జెండా అయిపోదు.

నగరపాలక సంస్థకు నా విన్నపం ఒకటే. ఏటా ఆగస్టుకు ముందు పంచే కరపత్రంలో జాతీయ జెండా నియమాలతో పాటు ఈ అయిదారు జెండాల బొమ్మలు, సంవత్సరాలు వేయండి. అపార్టుమెంటు సంఘాలకూ ఒక ప్రతి పంపండి. సంపాదకులకు కూడా ఒక మనవి. వచ్చే మార్చి 31న మీ తిరుపతి పేజీలో బెజవాడ జెండాను రంగుల్లో అచ్చేయండి. తెలుపు పైన ఉండాలి, చరఖా మూడు పట్టీల మీదా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుచానూరు రోడ్డు, తిరుపతి